165 హెర్ట్జ్ మానిటర్ కొని రెండు వారాలు 60లోనే ఆడినోడి రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, మానిటర్ బ్రాండ్ పేరు గానీ షాపు పేరు గానీ రాయను. జరిగినదాంట్లో సగం తప్పు వాళ్ళది, సగం నాది, ఎవరి వాటా ఎంతో ఇప్పటికీ తేల్లేదు. వస్తువు మాత్రం ఇది: 27 ఇంచులు, 1440పీ (నిలువుగా 1440 పిక్సెళ్ళు), ఐపీఎస్ రకం ప్యానెల్, డబ్బా మీద పెద్ద అక్షరాలతో 165 హెర్ట్జ్ (స్క్రీన్ సెకనుకి 165 సార్లు మారుతుందని), పక్కనే ఇంకా పెద్ద అక్షరాలతో 1 ఎంఎస్ (పిక్సెల్ రంగు ఒక మిల్లీసెకనులో మారుతుందని). సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో కొన్నా, పంతొమ్మిదిన్నర వేలు అయింది, గంటసేపు బేరమాడితే ఒక మౌస్ ప్యాడ్ చేతిలో పెట్టాడు. వాడబట్టి ఏడు నెలలు. పీసీ మామూలుదే, ఐ5 12400ఎఫ్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్ (ఈ ర్యామ్ కథ తర్వాత వస్తుంది, అదొక పెద్ద బాగోతం).

షాపులో డెమోకి పెట్టిన దాని మీద ఏదో కార్ల రేస్ వీడియో తిరుగుతోంది, కుర్రాడు "చూడన్నా ఎంత స్మూత్‌గా ఉందో, ఒక్కసారి 165 అలవాటైతే మళ్ళీ 60 మొహం చూడబుద్ధి కాదు" అన్నాడు, నేనూ కళ్ళు చికిలించి చూసి అవునవునని తలాడించా. ఇంటికొచ్చాక వెలిగింది, అది యూట్యూబ్ వీడియో, యూట్యూబ్‌లో 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు, అంటే బొమ్మలు) దాటి ప్లే అవ్వదు, అంటే ఆ రోజు నేను తలాడించింది 60కే.

ఇంటికి తెచ్చి, పాత 24 ఇంచుల 60 హెర్ట్జ్‌ది తీసి పక్కన పెట్టి, కొత్తది బిగించి, కౌంటర్ స్ట్రైక్ 2 అనే షూటర్ (తుపాకుల గేమ్) ఓపెన్ చేసి, అబ్బబ్బ వెన్నలా ఉందిరా అని రూమ్మేట్‌కి చెప్పి, ఊళ్ళో ఫ్రెండ్స్ గ్రూపులో ఫోటో పెట్టి, రెండు వారాలు అలా ఆనందంగా ఆడుకున్నా. దసరా సెలవులకి మా పిన్ని కొడుకు వచ్చాడు, విజయవాడలో బీటెక్ రెండో సంవత్సరం, వాడికి ఈ పిచ్చి నాకన్నా నాలుగాకులు ఎక్కువే. కుర్చీలో కూర్చుని డెస్క్‌టాప్ మీద మౌస్‌ని గుండ్రంగా రెండుసార్లు తిప్పి "అన్నయ్యా, ఇది 60లో ఉంది" అన్నాడు. గేమ్ కూడా ఓపెన్ చెయ్యలేదు వాడు. మౌస్ బాణం గబగబా తిప్పినప్పుడు వెనకాల బాణాల తోకలాగా కనపడుతుంది కదా, 60లో ఆ బాణాల మధ్య ఎడం ఎక్కువుంటుంది, హెర్ట్జ్ పెరిగేకొద్దీ అవి దగ్గరదగ్గరగా పడతాయి, అంతే తేడా. విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే అని లోపలికి పోతే రిఫ్రెష్ రేట్ అని ఒకటుంటుంది, అక్కడ 60 అనే అంకె నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉంది. నా రెండు వారాల వెన్న మొత్తం కొత్త పెద్ద స్క్రీన్ మోజే అన్నమాట. ఆ గ్రూపులో ఈ విషయం ఇప్పటిదాకా చెప్పలేదు.

సరే మార్చుదామని నొక్కితే 144 వరకే ఉంది, 165 లేదు. డబ్బాలో వాళ్ళిచ్చింది హెచ్‌డీఎంఐ కేబుల్ ఒక్కటే, ఈ మానిటర్ హెచ్‌డీఎంఐ 2.0 పోర్టు 1440పీలో 144 దగ్గర ఆగిపోతుంది, 165 కావాలంటే డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వెయ్యాలి, ఈ ముక్క మాన్యువల్లో ఎక్కడో ఓ మూల చీమ తలకాయంత అక్షరాల్లో రాశారు. కేబుల్లో పట్టే డేటాలో తేడా చాలా ఉంది, హెచ్‌డీఎంఐ 2.0కి సెకనుకి 18 గిగాబిట్లు, డిస్‌ప్లేపోర్ట్ 1.4కి 32.4. పంతొమ్మిదిన్నర వేల వస్తువు అమ్ముతూ 165 అని డబ్బా మీద కొట్టి, ఆ 165 వచ్చే కేబుల్ మాత్రం లోపల పెట్టకపోతే ఏమనాలి? మూడొందలకి ఒకటి కొన్నా, అది వేస్తే మధ్యమధ్యలో రెండు సెకన్లు స్క్రీన్ నల్లగా అయ్యి తిరిగొచ్చేది, అదీ సరిగ్గా ఎదుటోడు గురిపెట్టిన టైమ్‌కి. ఇంకో ఏడొందలు పెట్టి మంచిది తెచ్చాక ఆగింది. మొత్తం వెయ్యి కేబుళ్ళకే.

ఇప్పుడు అసలు విషయం, తేడా నిజంగా ఉందా లేదా అన్నది. నమ్మకం కుదరక ఫోన్లో స్లో మోషన్ 240లో (సెకనుకి 240 ఫ్రేములు) పెట్టి స్క్రీన్‌ని వీడియో తీశా, మానిటర్‌ని ఒకసారి 60లో, ఒకసారి 120లో పెట్టి (144 అయితే లెక్క సరిగ్గా కుదరదు), మౌస్‌ని అటూ ఇటూ కదిపి, తర్వాత ఆ వీడియోని ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ చూశా. 60లో ఉన్నప్పుడు బాణం నాలుగు ఫ్రేముల పాటు కదలకుండా ఒకేచోట నిలబడి, టక్కున ముందుకు దూకింది, మళ్ళీ నాలుగు ఫ్రేములు అక్కడే. 120లో రెండు ఫ్రేములకోసారి, సగం దూరం దూకింది. మన కళ్ళకి స్మూత్ అనిపించేది ఆ గెంతు చిన్నదవ్వడమే. అనుమానం ఉన్నోళ్ళు ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

ఇంకోటుంది, బ్లర్. ఈ ఎల్‌సీడీ ప్యానెళ్ళన్నీ ఒక ఫ్రేమ్ చూపిస్తే తర్వాతది వచ్చేదాకా దాన్ని అలాగే పట్టుకుని ఉంటాయి, మన కన్నేమో కదిలే వస్తువు వెంబడే సాగిపోతూ ఉంటుంది, అందువల్ల బొమ్మ కళ్ళలో అలుక్కుపోయినట్టు పడుతుంది. సెకనుకి 960 పిక్సెళ్ళ వేగంతో పోయే వస్తువు 60 హెర్ట్జ్‌లో 16 పిక్సెళ్ళ మేర అలుక్కుంటే 120లో 8 పిక్సెళ్ళే. గేమ్‌లో గబుక్కున పక్కకి తిరిగినప్పుడు గోడ మీద రాత చదవగలుగుతున్నానంటే దీనివల్లే, గ్రాఫిక్స్ కార్డు గొప్పేం కాదు.

కానీ అంకెలు పెరిగేకొద్దీ లాభం పెరగదు, తగ్గుతుంది, ఇది మాత్రం కొనేముందు నాకెవరూ చెప్పలేదు. 60లో ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు ఉంటుంది, 144లో 6.9, అంటే దాదాపు పది మిల్లీసెకన్లు తగ్గింది, అది అమ్మమ్మకి చూపించినా తెలుస్తుంది. 144 నుంచి 165కి వెళ్తే తగ్గేది 0.9. వెయ్యి రూపాయలు, నాలుగు రోజుల నల్ల స్క్రీన్లు, అంతా ఈ 0.9 కోసం! 165 నుంచి 240కి పోయినా ఇంకో 1.9 తగ్గుతుందంతే. అందుకే ఎవరైనా 144కీ 165కీ మధ్య మూడు వేలు తేడా అంటే ఆ మూడు వేలు జేబులో పెట్టుకోమంటా.

పైగా మానిటర్ 165 సార్లు మారడానికి రెడీగా ఉంటే సరిపోదు, అన్ని ఫ్రేములు కార్డు ఇవ్వాలి కదా. కౌంటర్ స్ట్రైక్‌లో సెట్టింగ్స్ తగ్గించుకుంటే నాకు 150 చుట్టుపక్కల వస్తాయి, వాలరెంట్ అయితే తేలిక, దాన్ని అడక్కర్లేదు. ఈమధ్య వచ్చిన పెద్ద గేములు 1440పీలో పెడితే 3060 ఆయాసపడిపోతుంది, 60, 70, ఒక్కోచోట 50. ఇక్కడే నాకు కళ్ళు తెరుచుకున్నాయి. 165 మానిటర్ కదా ఇవి కూడా స్మూత్‌గా ఉంటాయనుకుంటే, స్క్రీన్ మధ్యలో అడ్డంగా చీలిక, పరిగెత్తే మనిషి తల ఒకచోట, మొండెం రెండంగుళాలు పక్కన. వీ-సింక్ అనే సెట్టింగ్ వేస్తే చీలిక పోయింది గానీ ఎద్దుబండి ఎక్కినట్టు అయింది.

ఎందుకంటే మామూలు మానిటర్ ఎంఎంటీఎస్ రైలు లాంటిది. దాని టైమ్‌కి అది వెళ్ళిపోతుంది, ఫ్రేమ్ రెడీ అయిందా లేదా దానికి అనవసరం. వీ-సింక్ వేస్తే ఫ్రేమ్ ప్లాట్‌ఫామ్ మీద నిలబడి రైలొచ్చినప్పుడే ఎక్కాలి, 60 హెర్ట్జ్‌లో 16.7 మిల్లీసెకన్లకి బదులు 17 పట్టిందనుకోండి, అరనిమిషం తేడాతో రైలు మిస్సయినోడిలాగా తర్వాతి రైలు దాకా ఆగాలి, అంటే 33.3, ఆ కాసేపు 30 ఎఫ్‌పీఎస్ ఆడుతున్నట్టే. వీ-సింక్ తీసేస్తే, కదిలే రైల్లోకి దూకినట్టు స్క్రీన్ సగం గీశాక మిగతా సగంలో కొత్త ఫ్రేమ్ దూరుతుంది, అదే చీలిక.

అడాప్టివ్ సింక్ అంటే షేర్ ఆటో. టైమ్‌టేబుల్ లేదు, మనిషి ఎక్కగానే కదులుతుంది. ఫ్రేమ్ 12 మిల్లీసెకన్లకి వస్తే 12కి, 15కి వస్తే 15కి స్క్రీన్ మారుతుంది, అంతే, చీలిక లేదు, ఎదురుచూపు లేదు. ఆటోవాడి ఓపికకి కూడా హద్దుంది, నా మానిటర్‌ది 48 నుంచి 165 వరకు, 48 కన్నా కింద పడితే పాత ఫ్రేమ్‌నే ఇంకోసారి చూపించి నెట్టుకొస్తుంది, 40 ఎఫ్‌పీఎస్ వస్తుంటే మానిటర్ 80లో నడుస్తుంది, ఒక్కోటి రెండుసార్లు. పైన హద్దు దాటకూడదని ఎఫ్‌పీఎస్‌ని 160 దగ్గర కట్టేశా, 165 దాటితే మళ్ళీ రైలు పద్ధతే.

ఇదేం కొత్త సంగతి కాదు, ఎన్విడియా వాళ్ళు జీ-సింక్ అని 2013లోనే తెచ్చారు, కాకపోతే దానికి మానిటర్లో ప్రత్యేకంగా ఒక మాడ్యూల్ ఉండాలి, దాంతో రేటు కొండెక్కి కూర్చునేది. ఏఎండీ ఫ్రీసింక్ అని ఆ మాడ్యూల్ అక్కర్లేకుండా చేసింది. 2019 జనవరిలో ఎన్విడియా దిగొచ్చి జీటీఎక్స్ 10 సిరీస్ నుంచి పైన కార్డులన్నింటికీ ఈ మామూలు అడాప్టివ్ సింక్ మానిటర్లు కూడా పనిచేసేలా చేసింది, అందుకే ఇవాళ మన బడ్జెట్లో దొరుకుతోంది. తమాషా ఏంటంటే నా మానిటర్‌లో ఇది ఫ్యాక్టరీ నుంచే ఆఫ్‌లో వచ్చింది. వెనకాల ఉండే ఆ జాయ్‌స్టిక్ బటన్‌తో మెనూలోకి పోయి ఆన్ చేసి, తర్వాత ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్లో ఇంకోసారి ఆన్ చెయ్యాలి. 60లో పెట్టి పంపారు, 165 కేబుల్ ఇవ్వలేదు, సింక్ ఆఫ్‌లో పెట్టారు, వాడుకోవద్దనే కొనిపించారేమో అనిపించింది ఓ క్షణం.

అది ఆన్ చేసిన రోజు మాత్రం నిజంగా కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నా. 65 ఎఫ్‌పీఎస్ వచ్చే గేమ్, పాత మానిటర్లో 60 కట్టేసి ఆడిన దానికన్నా హాయిగా ఉంది. అంకె దాదాపు ఒకటే, అనుభవం వేరు. ఈ మానిటర్లో నాకు బాగా నచ్చింది, డబ్బులు గిట్టినట్టు అనిపించింది ఇదే, డబ్బా మీద దీని గురించి చిన్న స్టిక్కర్ ముక్క ఉంది అంతే.

అయినా ఒక గేమ్‌లో మాత్రం కుదుపులు పోలేదు. మూలన చూస్తే ఎఫ్‌పీఎస్ 90 అంటోంది, చేతికి మాత్రం ఎక్కడో గుచ్చుకున్నట్టు ఉంది. మానిటర్ పాడైందని షాపుకి ఫోన్ చేశా, "డ్రైవర్ అప్‌డేట్ చెయ్యన్నా" అని పెట్టేశాడు, రెండోసారి ఎత్తలేదు. పిన్ని కొడుకే మళ్ళీ దిక్కయ్యాడు, "యావరేజ్ చూడకు, 1% లో (low) అనే అంకె చూడు" అన్నాడు, అంటే అన్నింటికన్నా ఆలస్యంగా వచ్చే ఒక శాతం ఫ్రేముల ఎఫ్‌పీఎస్. బస్సు గుంటూరు నుంచి హైదరాబాద్‌కి సగటున 55లో వచ్చిందంటే ఏం తెలుస్తుంది, మధ్యలో ఎన్ని గుంతలు తగిలాయో నడుముకి తెలుస్తుంది గానీ. వంద ఫ్రేముల్లో తొంభై తొమ్మిది 10 మిల్లీసెకన్లకి వచ్చి ఒక్కటి 50కి వస్తే యావరేజ్ 96, కానీ ఆ ఒక్కటే సెకనుకోసారి తన్నుతుంది. షేర్ ఆటో ఎంత మంచిదైనా మనిషే రాకపోతే ఏం చేస్తుంది?

నాది ఎక్కడ తేలిందంటే ర్యామ్‌లో. 16 జీబీ ఒకటే స్టిక్, సింగిల్ ఛానల్, అంటే డేటాకి ఒకటే దారి. అది తీసి 8 జీబీవి రెండు, ఒకటో రెండో స్లాటు కాకుండా మదర్‌బోర్డు బుక్కులో చెప్పిన రెండో నాలుగో స్లాట్లలో వేస్తే, యావరేజ్ ఏమంత పెరగలేదు, ఆ 1% లో అంకె మాత్రం 50ల్లోంచి 70ల్లోకి వచ్చింది, గుచ్చుకోవడం ఆగింది. మానిటర్ కొంటే ర్యామ్ ఖర్చు తగులుకుంది, పెళ్ళికెళ్తే ఏదో తగిలినట్టు. మానిటర్‌ని తిట్టుకున్న పది రోజులకి సారీ.

ఇక ఆ 1 ఎంఎస్ సంగతి. మెనూలో ఓవర్‌డ్రైవ్ అని నార్మల్, ఫాస్ట్, ఎక్స్‌ట్రీమ్ మూడున్నాయి, 1 ఎంఎస్ అనేది ఎక్స్‌ట్రీమ్‌లో పెడితేనే అంట. పెట్టి చూడండి, కదిలే ప్రతిదాని వెనకాల తెల్లటి నీడ ఒకటి తోకలాగా వస్తుంది, పిక్సెల్‌ని తొందరగా మారమని కరెంటుతో తోస్తే రావాల్సిన రంగు దాటి అవతలకి పోయి వెనక్కి వస్తుంది, అదే ఆ నీడ. దెయ్యం సినిమా చూసినట్టు ఉంటుంది. ఇంకా ఘోరం ఏంటంటే అడాప్టివ్ సింక్‌లో ఎఫ్‌పీఎస్ 60కి పడినప్పుడు, 165కి సరిపోయే ఫాస్ట్ మోడ్ కూడా కొంచెం నీడ వేస్తుంది. నేను పెద్ద గేములకి నార్మల్, షూటర్లకి ఫాస్ట్ పెట్టుకుంటా. ఎక్స్‌ట్రీమ్‌ని డబ్బా మీద అంకె కోసమే పెట్టారు, వాడటానికి కాదు.

అయినా ఐపీఎస్ నయం. మా ఆఫీసు కొలీగ్ వీఏ అనే ఇంకో రకం ప్యానెల్, కర్వ్‌డ్‌ది కొన్నాడు, నలుపు అద్భుతం, కానీ చీకటి సీన్లలో కెమెరా తిప్పితే నల్లరంగు బురదలా సాగుతుంది, గుహలో నడుస్తుంటే గోడలు కారిపోతున్నట్టు. ఐపీఎస్‌లో ఆ గోల లేదు, బదులుగా లైట్ ఆపేసి చూస్తే మూలల్లో పొగమంచులా తెల్లగా మెరుస్తుంది, దాన్ని భరించాలి.

ఎల్డెన్ రింగ్ లాంటి గేములు పీసీలో 60 దగ్గరే కట్టేసి ఉంటాయి, వాటికోసం ఈ మానిటర్ కొంటే ఏం ఒరగదు. సినిమాలకి మాత్రం ఒక చిన్న చిట్కా, సినిమా 24 ఫ్రేములది, 60లో 24 సరిగ్గా ఇమడదు కాబట్టి ఒక ఫ్రేమ్ రెండుసార్లు, ఇంకోటి మూడుసార్లు చూపిస్తుంది, కెమెరా నెమ్మదిగా పక్కకి జరిగే షాట్లలో సన్నగా వణుకు కనపడుతుంది. 165లోనూ ఇమడదు. 144లో పెడితే ఒక్కో ఫ్రేమ్ సరిగ్గా ఆరుసార్లు, వణుకు పోతుంది. ఆదివారం సినిమా పెట్టేముందు 144కి మార్చే మనిషిని మా ఫ్లాట్‌లో పిచ్చోడి కింద లెక్కేస్తారు, పర్లేదు.

ఫ్రేమ్ జనరేషన్ (రెండు ఫ్రేముల మధ్య కొత్తది పుట్టించి ఇరికించడం) గురించి కూడా అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. 3060లో ఎన్విడియా వాళ్ళది రాదు, ఏఎండీ ఎఫ్‌ఎస్‌ఆర్ 3ది ఇచ్చిన గేముల్లో వస్తుంది. 60ని 100 పైకి లేపుతుంది, చూడటానికి స్మూతే, కానీ మధ్యలో పుట్టించిన ఫ్రేములకి మన మౌస్‌తో సంబంధం లేదు, చెయ్యి 60లోనే ఉన్నట్టు, ఇంకొంచెం బరువుగా కూడా ఉంటుంది. చుట్టూ చూసుకుంటూ నడిచే గేములకి ఓకే, షూటర్లలో వద్దే వద్దు. 30 నుంచి 60కి లేపుదామనుకుంటే మాత్రం నీళ్ళలో నడిచినట్టే.

మిగతావి గబగబా. స్టాండ్ ఎత్తు సర్దుకోదు, ముందుకీ వెనక్కీ వంగుతుంది అంతే, నేను రెండు పాత బీటెక్ పుస్తకాలు కింద పెట్టా (మొదటిసారి పనికొచ్చాయి). టేబుల్ మీద గట్టిగా టైప్ చేస్తే ఊగుతుంది. స్పీకర్లు లేవు. రంగులు బాగున్నాయి, హెచ్‌డీఆర్ (వెలుగు చీకట్ల తేడా ఎక్కువ చూపించే మోడ్) అని రాశారు గానీ ఆన్ చేస్తే అంతా సున్నం కొట్టినట్టు పాలిపోతుంది, ఆఫ్ చేసి మర్చిపోండి. కుడివైపు పైన ఒక పిక్సెల్ ఎప్పుడూ ఎర్రగా ఉంటుంది, సర్వీస్ సెంటర్‌కి ఫోటో పంపితే ఒక్క పిక్సెల్‌కి మార్చం అన్నారు, ఎన్నుంటే మారుస్తారండీ అంటే మెయిల్ చెయ్యమన్నారు, మెయిల్‌కి జవాబు లేదు. గేమ్‌లో కనపడదు, ఎక్సెల్‌లో మాత్రం ఎప్పుడూ ఒకే గడి మీద దోమ వాలినట్టు ఉంటుంది.

ఐదుకి మూడున్నర ఇస్తా. ప్యానెల్‌కి నాలుగున్నర ఇచ్చి, కేబుల్‌కీ ఆ జవాబు రాని మెయిల్‌కీ చెరో అర తీసేశా. షూటర్లు ఆడేవాళ్ళు, కనీసం 80, 90 ఎఫ్‌పీఎస్ తెచ్చే కార్డు ఉన్నవాళ్ళు కొనుక్కోండి, జీటీఎక్స్ 1650 లాంటి చిన్న కార్డు ఉంటే 1440పీ జోలికి పోకుండా 1080పీలో 144ది తీసుకోండి, కొంత డబ్బు మిగులుతుంది. పీఎస్5 గేమ్ కన్సోల్ కోసం అయితే ఇది వద్దు, దాంట్లో వీఆర్‌ఆర్ (అదే షేర్ ఆటో పద్ధతి) రావాలంటే హెచ్‌డీఎంఐ 2.1 ఉండాలి.

ఇదంతా విని మా రూమ్మేట్ తన మానిటర్ కూడా ఒకసారి చూడమన్నాడు, మూడేళ్ళ కిందట ఆఫీసు పనికి కొన్నది, 75 హెర్ట్జ్‌ది. సెట్టింగ్స్‌లోకి పోతే అదీ 60లోనే ఉంది, మూడేళ్ళుగా. 75కి మార్చి, మౌస్ చేతికిచ్చి, ఏమైనా తేడా తెలుస్తోందా అనడిగా. రెండు నిమిషాలు అటూ ఇటూ తిప్పాడు, బ్రౌజర్ పైకీ కిందకీ జరిపాడు, నా మొహం చూశాడు, "నీకోసం అవునంటాలే" అన్నాడు.